ఇనుము తొడుక్కున్న చొక్కా – తుపాకి పూతల చరిత్ర

వార్షిక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని సంఘం పెద్దలు మమ్మల్ని అడిగారు. కుతుబ్ షాహీల గురించి, చార్మినారు గురించి మాకంటే బాగా తెలిసినవారు ఎందరో వ్రాశారు. అందుచేత మేము ఈసారి రాజుల జోలికి పోకుండా ఇనుము సంగతి చెప్పదలచుకున్నాము. రోజూ పనిలో ఉండే తుపాకికి ఏ పూత వేస్తే అది వానకు, చేతి చెమటకు తట్టుకొని నిలుస్తుంది? ఇదేం విషయమండీ అని నవ్వకండి. ఈ చిన్న ప్రశ్న వెనుక మన దక్కను కమ్మరుల, మెరుగువాళ్ళ చరిత్ర ఎంతో దాగి ఉన్నది. మా సొంత తప్పు కూడా ఒకటి ఉన్నది. ముందుగా దాన్ని ఒప్పుకుంటాము.

మా ఇంట్లో ఒక తోడేదార్ బందూకు గొట్టం ఉండేది. తోడా అంటే నిప్పు అంటించే వత్తి. ఆ వత్తితో పేల్చే పాతకాలపు తుపాకి అన్నమాట. మా దాదాగారి తాత నిజాం సర్కారు వారి నజ్మ్-ఎ-జమియత్‌లో సిపాయి. ఆయన వస్తువుల్లో మిగిలింది అదొక్కటే. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత మా మొహల్లాలో కొందరు తమ ఆయుధాలను సర్కారుకు అప్పగించారనీ, కొందరు భయపడి రాత్రికి రాత్రి బావుల్లో వేశారనీ దాదా చెప్పేవారు. చెక్కను చెదలు తినేసి, మీటా కీలూ లేకుండా పోయిన ఈ వట్టి గొట్టం ఎవరికీ పనికిరాదు గనుక మిగిలిపోయింది. దాని నిండా ముదురు గోధుమ రంగు ఉండేది.

మాకు పదేళ్ళ వయసప్పుడు, ఒక ఈదుకు ముందు ఇంటికి సున్నాలు వేస్తున్నారు. గొట్టానికి జంగు పట్టిందనుకొని అన్నదమ్ములం ఇద్దరం చింతపండు, ఇటుక పొడి, ఆ తర్వాత రేగ్మాలు కాగితం పెట్టి ఒక పూటంతా తోమాము. తళతళలాడింది. దాదా సంతోషిస్తారని తీసుకెళ్ళి చూపించాము. ఆయన కోప్పడలేదు. గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు చేత్తో తడిమి, "బేటా, అది జంగు కాదు, దాని చొక్కా. చొక్కా విప్పేశారు కదరా" అన్నారు. ఆ వానాకాలం పోయేసరికి గొట్టమంతా ఎర్రబడింది. రెండో వానాకాలానికి గుంటలు పడ్డాయి.

ఆ మాట అర్థం కావటానికి మాకు ఇరవై ఏళ్ళు పట్టింది. తుప్పులో రెండు జాతులు ఉన్నాయి. ఎర్ర తుప్పు మెత్తని స్పాంజి లాంటిది. గాలిలోని తేమను పీల్చి లోపలి ఇనుముకు అందిస్తుంది గనుక, కింద కింద తినుకుంటూ పోతుంది. నల్ల తుప్పు అలా కాదు. పలచగా, గట్టిగా ఇనుమును కరుచుకొని ఉంటుంది, నూనె రాస్తే పట్టి ఉంచుకుంటుంది. తెలివైన పనివాడు తుప్పును తరిమేయడు, మచ్చిక చేసుకుంటాడు. తుపాకి పూతల చరిత్ర చాలా మట్టుకు ఈ మచ్చిక చేసుకున్న చరిత్రే.

ఇక మన దక్కను సంగతి. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? అక్కడి కమ్మరులు ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూతి మూసి, కొలిమిలో కరిగించి, నిదానంగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవారు. ఆ ఉక్కు కోసం ఇరాను సౌదాగర్లు అంత దూరం నుంచి వచ్చి కూర్చునేవారు. 1820 ప్రాంతంలో సర్వే పని మీద తిరిగిన డాక్టరు హెన్రీ వాయిసీ అక్కడి పనిని కళ్ళారా చూసి వ్రాసిన వివరం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాను నుంచి వచ్చిన సౌదాగరు ఒకరు అక్కడ ఆయనకు కలిశారు. ఇంగ్లండులో మైకేల్ ఫారడే అంతటివాడు 1819 మొదలు కొన్నేళ్ళు ఈ ఉక్కు రహస్యం కోసం ప్రయోగాలు చేశాడు. తెల్లవాళ్ళు దానికి పెట్టుకున్న "వూట్జ్" అనే పేరు మన "ఉక్కు" మాటలోంచి వచ్చిందేనని పండితులు అంటారు.

ఈ ఉక్కుతో చేసిన కత్తి మీద నీటి అలల వంటి గీతలు కనబడతాయి. మన ఉర్దూలో దాన్ని జౌహర్ అంటారు. ఉక్కులో ఉన్న ఎక్కువ బొగ్గుపాలు గట్టి రవ్వలై వరుసలు కట్టడం వల్ల అవి ఏర్పడతాయి. అయితే ఊరికే నున్నగా సాన పడితే జౌహర్ కనబడదు. అన్నభేది, అనగా మన హీరాకసీస్, నీళ్ళలో కలిపి పైన పూస్తే మెత్తని ఇనుము నల్లబడి, గట్టి రవ్వల వరుస తెల్లగా పైకి తేలుతుంది. తర్వాత కడిగి, ఆరబెట్టి, నూనె రాస్తారు. ఈ పని చేసేవారే సైఖల్‌గర్లు. సైఖల్ అంటే మెరుగు పెట్టడం. సిక్లిగర్ అన్న మాట దానిలోంచే వచ్చింది.

మేము బడిలో ఉర్దూ గజళ్ళు చెప్పేటప్పుడు పిల్లలు ఒక సందేహం అడుగుతారు: "సార్, అద్దానికి జంగు ఎలా పడుతుంది? అద్దానికి సైఖల్ ఏమిటి?" ఆ కవుల కాలంలో ఆయినా అంటే గాజు అద్దం ఒక్కటే కాదు, నున్నగా మెరుగుపెట్టిన ఉక్కు రేకు కూడా అద్దమే. అందుకే దానికి జంగు పడుతుంది, దానికి జౌహర్ ఉంటుంది, దానికి సైఖల్‌గర్ కావాలి. మన కవిత్వంలో సగం పోలికలు కమ్మరి కొలిమిలోంచి వచ్చినవేనంటే పిల్లలు ఆశ్చర్యపోతారు.

ఇనుమును కాపాడటానికి ఒక దారి పూత అయితే, అసలు ఇనుమే వాడకపోవడం ఇంకొక దారి. గోలకొండ కోటలో పేట్ల బురుజు మీద ఉన్న ఫతే రహబర్ ఫిరంగి కంచుది. ఔరంగజేబు సైన్యం వెంట వచ్చిన ఫిరంగి అది. 1687లో గోలకొండ పడిపోయింది, రాజ్యాలు మారాయి, ఫిరంగి మాత్రం ఎండకూ వానకూ అక్కడే ఉన్నది. కంచు మీద పట్టే చిలుము లోపలి లోహాన్ని తినదు, కప్పి ఉంచుతుంది. నిజాం అలీఖాన్ కాలంలో ఫ్రెంచి సేనాని రేమండు 1795లో నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా, మన తోప్ కా సాంచా, నేటికీ గన్‌ఫౌండ్రీ పేరుతో బతికి ఉంది. కాని కంచు బరువెక్కువ, ఖరీదెక్కువ. ప్రతి సిపాయి భుజానికీ కంచు తుపాకి తగిలించలేరు గదా!

మూడో దారి బీదరుది. 1956 దాకా బీదరు మన హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. బిద్రీ సామానులో జింకు పదహారు పాళ్ళయితే రాగి ఒక పాలు ఉంటుంది. బీదరు కోటలోని మట్టిని నవాసాగరంతో కలిపి పెడితే లోహం నల్లగా మారుతుంది, అందులో పొదిగిన వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. ఆ నలుపు పైన పూసిన రంగు కాదు, లోహమే తన ఒంటి నుంచి తెచ్చుకున్న నలుపు. దాదా చెప్పిన చొక్కా అంటే ఇటువంటిదే.

ఇప్పుడు తుపాకి గొట్టం దగ్గరికి వద్దాము. పూర్వం తుపాకులు తెల్లగా మెరిసేవి. బ్రిటిషు సిపాయిలు తమ గొట్టాలను ఇటుక పొడితో రోజూ తోమేవారు, అచ్చం మేము తోమినట్టే! తోమి తోమి గొట్టాలు పలచబడేవి, మెరుపు దూరం నుంచే శత్రువుకు కనబడేది. చివరకు 1815 ప్రాంతంలో వారి సైన్యంలో గోధుమ రంగు వేయటం ఖాయం చేశారు. దాని పద్ధతి ఇది: గొట్టానికి సున్నం రుద్ది జిడ్డు తీసేయాలి. రెండు చివరలా చెక్క బిరడాలు కొట్టాలి. మైలుతుత్తం, ఆమ్లం కలిసిన ద్రావకం పలచగా పూసి తేమ గల చోట పెట్టాలి. ఎర్ర తుప్పు పొడి లేస్తుంది. దాన్ని తీగ బ్రష్షుతో దులిపి మళ్ళీ పూయాలి. ఇలా ఎన్నోసార్లు చేశాక గోధుమ చొక్కా తయారవుతుంది. ప్రతి విడతకూ గొట్టాన్ని శుభ్రమైన నీళ్ళలో మరిగిస్తే ఎర్ర తుప్పు నల్ల తుప్పుగా మారి నీలి నలుపు వస్తుంది. రోజుల తరబడి పని, ఓపిక గలవాడి పని.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ (1866–1911) పులుల వేటలో పేరు మోసినవారు. ఆ కాలపు వేటగాళ్ళ ఇంగ్లీషు రైఫిళ్ళకు ఈ నీలి నలుపే ఉండేది. రెండు గొట్టాల రైఫిలుకు ఇదే సరైన పద్ధతి కూడా. తర్వాతి కాలంలో కాస్టిక్ సోడా, నైట్రేటు ఉప్పులు కాగబెట్టి అందులో ముంచితే అరగంటలో నలుపు వచ్చే పద్ధతి వచ్చింది. కాని రెండు గొట్టాలను అతికించిన సీసం టంకాన్ని ఆ వేడి క్షారం తినేస్తుంది. త్వరగా అవుతుందని ఆశపడితే తుపాకే విడిపోతుంది.

పెద్ద యుద్ధాలు లెక్కను మార్చేశాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో మన హైదరాబాదు లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనా ఇసుకలో పనిచేశారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర 1922లో నిలిపిన మూడు విగ్రహాలు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు లాన్సర్లకు గుర్తు. అటువంటి చోట ఇసుక రాపిడికి నీలి నలుపు ఎన్నాళ్ళు ఆగుతుంది? 1906లో ఇంగ్లండులో కోస్లెట్ అనే ఆయన ఇనుమును ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన నీళ్ళలో కాచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో 1915లో పుట్టిన పార్కర్ కంపెనీ దాన్ని పెంచింది. రెండో యుద్ధంలో అమెరికా ఎం1 గరాండు రైఫిళ్ళన్నిటికీ ఇదే పూత. బూడిద రంగు, గరుకు, చూపుకు అందం లేదు. కాని మెరవదు, గరుకులో నూనె నిలుస్తుంది, గంట లోపల పని అయిపోతుంది. బ్రిటిషువారు ఫాస్ఫేటు మీద నల్ల ఎనామెలు కూడా పూసి పొయ్యిలో కాల్చారు. ఇప్పుడైతే పింగాణీ రేణువులు కలిపిన రంగులు, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ ఉక్కు కూడా వచ్చాయి.

అయితే ఏది మేలు? పోలీసు భుజాన, అడవి గార్డు చేతిలో పనిచేసే రైఫిలుకు ఫాస్ఫేటు, దాని మీద నూనె లేక కాల్చిన రంగు మేలు. ఓపికగా చూసుకొనేవాడి రెండు గొట్టాల తుపాకికి నిదానపు నీలి నలుపు మేలు. ఏ పూత అయినా నూనె గుడ్డ లేకపోతే వట్టిదే. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, ముట్టుకున్న చోట తెల్లారేసరికి వేలి ముద్ర ఎర్రగా లేస్తుంది. ఇక తాతల నాటి వస్తువుకు ఏ కొత్త పూతా వద్దు. ఉన్న చొక్కాను ఉంచడమే మేలు.

ఈ చివరి మాట కోసమే ఇంత వ్రాశాము. మన పాతబస్తీ ఇళ్ళల్లో, బార్కస్‌లోని అరబు కుటుంబాల ఇళ్ళల్లో ఇంకా ఒక జంబియానో, కత్తి పిడో, పేలని పాత గొట్టమో పెట్టె అడుగున ఉండవచ్చు. చట్టం ఏమంటుందో తెలుసుకొని, లైసెన్సు కావలసిన దానికి లైసెన్సు తీసుకొని, పిల్లలకు అందకుండా పెట్టండి. కాని దయచేసి తోమకండి. చింతపండు వద్దు, రేగ్మాలు వద్దు, షాదీలకు ముందు నికెలు పూత వేయించడం అసలే వద్దు. మెత్తని పొడి గుడ్డతో తుడిచి, పలచగా నూనె రాసి, తోలు ఒర లోంచి తీసి వేరే గుడ్డలో చుట్టండి. తోలులో తేమ ఉంటుంది. తూకానికి పాత ఇనుప సామానువాడికి ఇచ్చేముందు ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియానికో, చౌమహల్లాకో పిల్లల్ని తీసుకెళ్ళి ఆయుధాల గది చూపించండి. మీ పెట్టెలో ఉన్నది ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

మా గొట్టం ఇప్పటికీ మా దగ్గరే ఉంది. గుంటలు అలాగే ఉన్నాయి, గుంటల మధ్య మళ్ళీ కొద్దిగా నలుపు కమ్ముకుంది. ప్రతి వానాకాలం ముందు నూనె గుడ్డతో తుడుస్తాము. మొన్న మా చిన్నవాడు పక్కన కూర్చొని, "అబ్బా, దీన్ని తోమి మెరిపిద్దామా?" అని అడిగాడు. గొట్టాన్ని వాడి ఒళ్ళో పెట్టి, దాదా చెప్పిన మాటే చెప్పాము.