ఇంటిదొంగయు నీశ్వరుడును

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టజాలడని మనవారు తరతరములుగ చెప్పుకొనుచున్నారు. ఈ సామెతలో రెండు నిజములు కలవు. దొంగ ఇంటి గుట్టెరిగినవాడు కావున సులభముగ దొరకడనుట మొదటిది. దొరికినను, వాడు మనవాడే కదా యని యీశ్వరుడే చూచియు చూడనట్లుండుననుట రెండవది. మొదటిదానికి తాళములు, లెక్కలు, కావలివారు మందు. రెండవదానికి మందు దొరకుట కష్టము. సంస్థల చరిత్రను పరిశీలించినచో ఎక్కువ చెరుపు చేసినది ఈ రెండవదియే యని తోచును.

ఈ సంగతి నాకు పుస్తకముల కంటె ముందు నా వృత్తి వలన తెలిసినది. కొన్నియేండ్ల క్రిందట నేను పనిచేయుచుండిన యొక పాఠశాలకు చేరిన వసతిగృహములో బియ్యము తూకము తగ్గుచున్నదని యొక విద్యార్థి నాతో చెప్పెను. నేను వానినడిగిన మొదటి ప్రశ్న "ఈ మాట నీకెవరు చెప్పిరి?" అని. బాలుడు తల వంచుకొని వెడలిపోయెను. మరల నా యొద్దకు రాలేదు. నేను బియ్యము తూచి చూడనులేదు. నాకు దొంగతనములో పాలు లేదు. పాఠశాల పరువు పోవునని భయపడితిని, అంతే. "ఇది నిజమా?" అని యడుగవలసినచోట "ఇది యెట్లు బయటపడినది?" అని యడిగితిని. తరువాత ప్రపంచసంస్థల చరిత్ర చదువునపుడు, నాకంటె ఎంతయో పెద్దవారును ఇదే తప్పు చేసిరని తెలిసినది. అందువలన నాకు ఓదార్పు కలుగలేదు, భయమే హెచ్చినది.

మామూలు కచేరీలో గుమాస్తా లంచము తినిన యెడల పోలీసులున్నారు, న్యాయస్థానములున్నవి. పలుదేశములు కూడి యేర్పరచుకొనిన సంస్థల సంగతి వేరు. 1946 ఫిబ్రవరి 13వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధిసభ యంగీకరించిన యొడంబడిక ప్రకారము, ఆ సంస్థ యుద్యోగులు తమ యుద్యోగధర్మమున చేసిన పనులను గూర్చి ఏ దేశపు న్యాయస్థానమునకును జవాబు చెప్పనక్కరలేదు. ఈ రక్షణ యకారణమైనది కాదు. యుద్ధభూమిలో అన్నము పెట్టబోయిన యుద్యోగిని అక్కడి ప్రభుత్వము కోపించి చెరసాలలో వేయగలిగినచో ఆ పనియే సాగదు. అయితే ఈ రక్షణ ఉద్యోగి సొంతలాభమునకు గాదనియు, అది న్యాయమున కడ్డు వచ్చునప్పుడు దానిని తొలగించుట ప్రధాన కార్యదర్శికి హక్కు మాత్రమే గాక విధి కూడ ననియు ఆ యొడంబడికలోనే వ్రాయబడియున్నది. కావున లోపల నిజము విచారించువాడు లేనియెడల, సజ్జనుని కాపాడుటకై కట్టిన గోడ దొంగను గూడ కాపాడును. అట్టి సంస్థలో అంతరంగిక విచారణాధికారి యొక చిన్న యుద్యోగి కాడు. ఆ గోడకు తలుపువంటివాడు.

ఈ తలుపు మూసియుండిన నేమగునో 1998 వ సంవత్సరమున బ్రస్సెల్సు నగరమున తేటపడినది. యూరోపియను కమిషను నాడు 15 దేశములకు కార్యనిర్వాహక సంస్థ. దాని లెక్కల తనిఖీ శాఖలో పౌల్ వాన్ బ్యూటెనెన్ అను డచ్చి దేశీయుడు చిన్నయుద్యోగములో నుండెను. నిధుల దుర్వినియోగము, ఆశ్రితపక్షపాతము, వానిని గూర్చిన విచారణలకు కలిగిన యాటంకములు — వీనిని తెలుపు కాగితములను ఆయన పైవారికి చూపి, ఫలము గానక, 1998 డిసెంబరులో యూరోపియను పార్లమెంటు సభ్యుల కందజేసెను. కమిషను చేసిన మొదటి పనియేమి? కాగితములలోని సంగతి నిజమా యని యడుగుట కాదు. ఆయనను సగము జీతము మీద సస్పెండు చేయుట!

కౌటిల్యుడు తన యర్థశాస్త్రములో రాజధనము నపహరించు మార్గములు నలువది యని లెక్కించెను. ఆ ప్రకరణముననే, అపహరణమును తెలిపి ఋజువు చేసినవానికి ఆ ధనములో ఆరవ పాలును, వాడు ఆ కొలువులోని భృత్యుడే యైనచో పండ్రెండవ పాలును ఈయవలెనని విధించెను. ఋజువు కాని నిందకు శిక్షయు విధించెను. ఆ ప్రాచీన గ్రంథము సూచకునకు పాలు పెట్టగా, ఇరువదవ శతాబ్ది చివర నాగరిక యూరోపు సూచకుని జీతములో సగము కోసివేసినది.

పార్లమెంటు మాత్ర మూరకుండలేదు. కమిషనుపై 1999 జనవరిలో వచ్చిన యవిశ్వాస తీర్మానము వీగిపోయినను, ఐదుగురు స్వతంత్ర నిపుణులతో నొక విచారణసంఘ మేర్పడినది. ఈ యైదుగురును కమిషనుకు కొలువుకాండ్రు కారు. వారు దానిచే పదవి పొందువారును కారు. వారు మొదటి ప్రశ్ననే మొదట నడిగిరి. మార్చి 15వ తేదీన నివేదిక వెలువడినది. కమిషనరులు స్వయముగ ధనము నపహరించిరని ఆ నివేదిక చెప్పలేదు. ఈ న్యాయబుద్ధిని మనము గుర్తింపవలెను. విచారణాధికారి వేటగాడు కాడు. ఎడిత్ క్రెసన్ అను కమిషనరు, శాస్త్రపరిశోధనతో నిమిత్తము లేని తన మిత్రుడైన యొక దంతవైద్యుని కొలువులో పెట్టించెనని మాత్రము తేల్చిరి. అన్నిటికంటె బరువైన మాట మరియొకటి: అడిగిన ప్రతివారును తమకు తెలియదనిరే గాని, బాధ్యత నాదని చెప్పువారు కనబడలేదని. ఆ రాత్రియే అధ్యక్షుడు జాక్ సాంటెర్ మొదలు 20 మంది కమిషనరులును రాజీనామా చేసిరి. క్రెసన్ తన పదవీధర్మమును తప్పెనని యూరోపియను న్యాయస్థానము 2006 జూలైలో తీర్పు చెప్పినది; ఆమె పింఛను మాత్రము తీసివేయలేదు.

ఐదుగురు నిపుణులు కొద్ది వారములలో సాధించిన దానిని, కమిషనులోని సొంత విచారణశాఖ యేల సాధింపలేకపోయెను? నిపుణులు తెలివిగలవారగుట మాత్రమే కారణము కాదు. వారి యుద్యోగము, వారి ఖర్చు, వారి నివేదికయు విచారింపబడువారి చేతిలో లేవు. ఈ మూడును మూడు తాళపుచెవులు. వీనిలో నేయొకటి యజమాని మొలలో నున్నను విచారణ గది తెరువబడదు.

ఈ మాటను న్యూయార్కు నగరములోని ఐక్యరాజ్యసమితి చరిత్రతో పోల్చి చూతము. సమితి పుట్టిన తరువాత దాదాపు అర్ధశతాబ్దమునకు, 1994 జూలై 29వ తేదీన, సర్వప్రతినిధిసభ అంతరంగిక పర్యవేక్షణ కార్యాలయము నొకదాని నేర్పరచినది. మొదటి చెవిని, అనగా నియామకమును, ఆ తీర్మానము జాగ్రత్తగనే చేసినది. దాని యధిపతిని ప్రధాన కార్యదర్శి యేరును, కాని సభ యామోదింపవలెను. పదవి ఐదేండ్లు, మరల నిచ్చుట లేదు. మరల పదవి నాశింపనివాడు నిర్భయముగ మాటలాడునని దీని భావము. తగిన కారణము చూపి సభ సమ్మతి పొందినగాని తొలగింపరాదు. జర్మనీ దేశీయుడైన కార్ల్ పాష్కే మొదటి యధిపతి యయ్యెను.

రెండవ చెవి, అనగా ఖర్చు, మాత్రము మరచిపోబడినది. 1995 నాటి భద్రతామండలి తీర్మానముపై ఇరాకు తన నూనె నమ్ముకొని ఆ ధనముతో ప్రజలకు అన్నము, మందులు తెచ్చుకొను నేర్పాటు జరిగినది. 1996 చివర మొదలై 2003 వరకు సాగిన యా పథకములో 6,400 కోట్ల డాలరుల నూనె యమ్ముడుపోయినది. దానిని తనిఖీ చేయవలసిన లోపలి ఆడిటరులకు సొమ్ము రావలసినది తనిఖీకి లోబడిన ఆ పథకము నిధులనుండియే! రోగి యిచ్చినంతవరకే వైద్యుడు నాడి చూడవలెనన్నట్లు! 2004 లో అమెరికా దేశీయుడు పాల్ వోల్కర్ అధ్యక్షతన నేర్పడిన స్వతంత్ర సంఘము ఈ లోపమును బయటపెట్టినది. 2,200 కు మించిన కంపెనీలు ఇరాకు ప్రభుత్వమునకు అడ్డదారిని సొమ్ము చెల్లించిరనియు, ఆ సొమ్ము సుమారు 180 కోట్ల డాలరులనియు 2005 అక్టోబరు నివేదికలో తేల్చినది. ఆ నివేదికలో పేరు కనబడినందున మన విదేశాంగమంత్రి నట్వర్ సింగ్ ఆ శాఖను, తరువాత మంత్రిపదవిని కూడ వదలుకొనవలసివచ్చెను. తాను నిర్దోషి నని యాయన వాదించెను. ఆ యేటనే సమితి కొనుగోళ్ల శాఖ యుద్యోగి యొకడు రక్షణ తొలగింపబడి న్యూయార్కు న్యాయస్థానములో నేరమొప్పుకొనెను. 1946 నాటి యొడంబడికలోని విధి ఇట్లు ఒకసారి పని చేసినది. ఫిర్యాదు చేసిన యుద్యోగిని కక్షతో బాధింపరాదని ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ 2005 డిసెంబరులో నిబంధనలు వెలువరించెను.

అప్పటి పర్యవేక్షణాధిపతి ఇంగా-బ్రిట్ ఆలేనియస్ అను స్వీడను దేశపు విదుషి. బ్రస్సెల్సు నిపుణులైదుగురిలో నామె యొకతె. అక్కడ బయటినుండి విచారించిన యామె, యిక్కడ లోపలనుండి విచారింపవలసివచ్చెను. విచారణశాఖకు తాను కోరిన నాయకుని నియమించుకొనుట తన స్వాతంత్ర్యములో భాగమని యామె వాదించెను. నియామకపు నిబంధనలు ఆమెకును వర్తించుననియు, స్త్రీ అభ్యర్థులను గూడ పరిశీలింపవలెననియు ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ పక్షమువారు బదులు చెప్పిరి. స్త్రీల హక్కు కోరు మనము ఈ రెండవ వాదమును త్రోసివేయలేము. అయినను, పరిశోధకుని యెవరు ఏరవలెనను తగవు సంవత్సరముల తరబడి తెగకుండుట సంస్థకు మేలు కాదు. 2010 జూలైలో పదవి వదలుచు నామె తీవ్రమైన విమర్శపత్రమును ప్రధాన కార్యదర్శికి వ్రాసి వెడలిపోయెను.

ఇది యంతయు అధికారుల తగవులే యని చదువరులు విసుగు చెందవచ్చును. అట్లు కాదని 2014 వ సంవత్సరము చూపినది. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్కులో అంతర్యుద్ధము వలన ఇండ్లు విడిచినవారు రాజధాని బంగీ విమానాశ్రయము చెంత గుడారములలో నుండిరి. ఫ్రెంచి సైనికులు కొందరు అన్నమునకు బదులు తమను చెరచిరని ఆకలిగొన్న బాలురు ఆ వేసవిలో సమితి యుద్యోగులతో చెప్పిరి. ఆ సైనికులు సమితి యాజ్ఞకు లోబడినవారు కారు గాని, భద్రతామండలి యనుమతితో వచ్చినవారు. జెనీవాలో మానవహక్కుల కార్యాలయపు డైరెక్టరులలో నొకడైన ఆండర్స్ కొంపాస్ ఆ సాక్ష్యపత్రమును జూలైలో ఫ్రెంచి యధికారుల కందజేసెను. వారు విచారణ మొదలుపెట్టిరి.

సమితిలో విచారణ యెవరిమీద జరిగినదో యూహింపగలరా? పత్రము బయటికిచ్చిన కొంపాస్ మీద! 2015 ఏప్రిలు 17వ తేదీన ఆయనను సస్పెండు చేసిరి. మే మొదటివారమున సమితి యుద్యోగుల న్యాయస్థానమే ఆ యుత్తరువును నిలిపివేసినది. కెనడా మాజీ న్యాయమూర్తి మారీ డెషాంప్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల సంఘము విచారించి, 2015 డిసెంబరులో నివేదిక యిచ్చినది. బాలుర మాట ఒక బల్లనుండి మరియొక బల్లకు పోయినదే గాని, బాలుర రక్షణకు పూనుకొనినవారు లేరని తేల్చి, సంస్థ యంతయు ఘోరముగ తప్పినదని ఆ సంఘము చెప్పినది. పర్యవేక్షణ కార్యాలయము కొంపాసుపై విచారణ నారంభించిన తీరును గూడ తప్పు పట్టినది. 2016 జనవరిలో ఆయన నిర్దోషి యని తేలినది. జూనులో ఆయన విసిగి యుద్యోగము మానివేసెను. ఫ్రాన్సులో న్యాయాధికారులు సాక్ష్యము చాలదని 2018 జనవరిలో కేసు నిలిపివేసిరి. ఏమి జరిగినదో న్యాయస్థానమున తేలనేలేదు. సాక్ష్యము పాలవంటిది, నిలువయుంచిన విరిగిపోవును. "ఎవరు చెప్పిరి?" అని యడుగుచు గడపిన ప్రతిదినమును "నిజమా?" అను ప్రశ్నకు జవాబును దూరము చేయును.

కావున సంస్థలు చెడ్డవి కావున మూసివేయవలెనని నా యభిప్రాయము కాదు. ఆ సంస్థలే ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుచున్నవి. ఆ బాలుర మాట విని వ్రాసికొనినవారును సమితి యుద్యోగులే. సజ్జనులుండుట చాలదనియే నా మనవి. నియామకము, ఖర్చు, నివేదికా ప్రకటనము — ఈ మూడు తాళపుచెవులు విచారింపబడువాని చేతికి పోకుండ చట్టము కట్టుదిట్టము చేయవలెను. నిందితునకు తన మాట చెప్పుకొను సావకాశమీయవలెను. చెప్పినవానిని మొదట కాపాడవలెను. వాని మాటను తరువాత తూచవలెను.

మనకు న్యూయార్కు దూరమే గాని, మన యూరి దేవాలయపు ధర్మకర్తల సంఘము, గ్రంథాలయము, సహకార సంఘము, బాలికల వసతిగృహము దూరములు కావు. వీనిలో నేదో యొకదానిలో మీలో ననేకులు సభ్యులై యున్నారు. రేపొక వంటమనిషియో, బాలికయో, చిన్నగుమాస్తాయో వచ్చి వణకుచు నొకమాట చెప్పినప్పుడు, పరువు పోవునను భయము మనకందరకును కలుగును. అప్పుడు నోటివెంట వచ్చు మొదటి ప్రశ్న యేదో కొంచెము గమనింపుడు. నా వసతిగృహపు బాలుడు ఇప్పుడెక్కడ నున్నాడో నాకు తెలియదు. ఆనాడు నేను లేచి పోయి బియ్యము తూచియుండవలసినది. త్రాసు గోడకే వ్రేలాడుచుండెను.