సరళమైన బాల్యము: స్మృతి, చరిత్ర

తమ బాల్యము నిరాడంబరమైనదనీ, నేటి పిల్లలకు ఆ భాగ్యము లేదనీ పెద్దలు చెప్పుకొనుట పరిపాటి. వీధిలో ఆటలు, చెరువులో ఈతలు, అమ్మమ్మ చెప్పిన కథలు ఒకవైపు. ట్యూషన్లు, పరీక్షలు, చేతిలో సెల్‌ఫోను మరొకవైపు. ఈ పోలికలో సత్యము లేకపోలేదు. కాని ఈ బాధ మన తరమునకే తోచినది కాదు. భారతీయ సాహిత్యములో దీనికి దీర్ఘమైన చరిత్ర కలదు.

రవీంద్రనాథ ఠాకూరు 1861లో జన్మించినాడు. జొడాసాంకో భవనములో గడచిన తన బాల్యమును 1912లో వెలువడిన ‘జీవనస్మృతి’లో వర్ణించినాడు. సంపన్న గృహమే అయినను పిల్లలకు భోగములు లేవు. పది సంవత్సరములు నిండేవరకు అతడు మేజోళ్ళు ఎరుగడు. దొరికినవి కొద్ది వస్తువులే గనుక వాటి రసమును తుదిబొట్టు వరకు గ్రహించినామనీ, నేటి సంపన్నుల పిల్లలు సగము కొరికి పారవేయుచున్నారనీ అతడు వ్రాసినాడు. ఆ ‘నేటి పిల్లలు’ ఇప్పటికి శతాబ్దమునకు పూర్వపు పిల్లలని మనము మరువరాదు. 1940లో, తన డెబ్బది తొమ్మిదవ ఏట, ‘ఛేలేబేలా’లో మరల ఆ కాలమునే తలచుకొన్నాడు: ట్రాములు, మోటార్లు లేని కలకత్తా, ఆముదపు దీపముల సాయంకాలములు.

అయితే ‘జీవనస్మృతి’లోనే వేరొక చిత్రము కలదు. పిల్లలు సేవకుల ఏలుబడిలో ఉండేవారు. శ్యామ్ అను సేవకుడు బాలుని చుట్టూ సుద్దతో గిరి గీసి, దాటితే ఆపద తప్పదని బెదిరించి వెళ్ళిపోయెడివాడు. బాలుడు కిటికీ నుండి కొలనును, మర్రిచెట్టును చూచుచు పగలంతా గడిపెడివాడు. ఆ ఊహాశక్తికి ఒంటరితనమే తోడు.

హిందీలో ప్రేమ్‌చంద్ ఈ విషయమును మరింత లోతుగా పరిశీలించినాడు. ‘గుల్లీ డండా’ కథలోని గుల్లీ డండా మన చిల్లంగోడే. ఠాణేదారు కుమారుడైన కథకుడు ఇరువది ఏండ్లకు ఇంజనీరై చిన్ననాటి ఊరికి వచ్చి, అస్పృశ్యులుగా ఎంచబడిన కులమునకు చెందిన గయా అను బాల్యమిత్రునితో మరల ఆడినాడు. డిప్యూటీగారి గుర్రపుసాయిసుగా ఉన్న గయా ప్రతి మోసమును సహించి ఓడిపోయినాడు. మరునాడు ఇతరులతో గయా ఆడిన ఆటను చూచిన పిమ్మట కథకునికి సత్యము బోధపడినది: నిన్న గయా తనతో ఆడలేదు, తనను ఆడించినాడు. స్మృతిలోని సమానత్వము అధికారము ముందు నిలువలేదు.

బాలికల మాట వేరుగా చెప్పవలెను. 1907లో జన్మించిన మహాదేవి వర్మ తన బాల్యమును గూర్చి వ్రాయుచు, తమ వంశములో సుమారు రెండువందల ఏండ్లు ఆడపిల్లయే లేదనీ, పుట్టగానే పరలోకమునకు పంపెడివారనీ తెలిపినది. 1929 నాటి శారదా చట్టము బాలికల వివాహమునకు విధించిన కనీస వయస్సు పదునాలుగేండ్లే. 1951 జనాభా లెక్కల ప్రకారము దేశములో అక్షరాస్యులు నూటికి 18 మంది. 2011 నాటికి 74 మంది. 1975 తరువాత మశూచి దేశములో కానరాలేదు. 2014లో భారతదేశము పోలియో రహితమని ప్రకటింపబడినది. గతమును కోరువారు ఈ లెక్కలను గూడ చూడవలెను. ఆనాటి ఆటలను తలచుకొనువారు బ్రతికి, చదువుకొని, పెద్దలైనవారు. తక్కినవారి స్మృతులు గ్రంథములకు ఎక్కలేదు.

అంతమాత్రముచేత పోయినది ఏమియు లేదనరాదు. పెద్దల పర్యవేక్షణ లేని సాయంకాలము, చిన్నా పెద్దా కలసి నియమములు తామే ఏర్పరచుకొన్న ఆట, ఊరి నడుమ ఖాళీ స్థలము నగరములలో అరుదైనవి. ఇది పిల్లల దోషము కాదు. మైదానములను ఇండ్లుగా, అంగళ్ళుగా మార్చినవారు పెద్దలే. బాలల హక్కులపై 1989లో ఆమోదింపబడిన అంతర్జాతీయ ఒడంబడిక ఆటను హక్కుగా గుర్తించినది. 1992లో భారతదేశము అందులో చేరినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకు ఆటస్థలము ఉండవలెనని నిర్దేశించినది.

కనుక స్మృతిని విలాపముగా గాక బాధ్యతగా గ్రహించుట మేలు. మనము అనుభవించిన తీరికను, ఆటస్థలమును నేటి పిల్లలకు సమకూర్చవలెను. అయితే ఆ ఆటస్థలములో ఎవరి హోదాకో వెరచి గయా ఓడిపోవలసిన అవసరము ఉండరాదు.