హిగ్స్ బోసాన్ వెనక ఉన్న కంప్యూటర్ల కథ

జెనీవా దగ్గర, స్విట్జర్లాండ్–ఫ్రాన్స్ సరిహద్దులో సెర్న్ పరిశోధన సంస్థ ఉంది. అక్కడ నేల కింద 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగంలో, ఎల్‌హెచ్‌సీ అనే యంత్రం ప్రోటాన్లను దాదాపు కాంతి వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టిస్తుంది. హిగ్స్ బోసాన్ లక్షణాలున్న కొత్త కణం దొరికిందని 2012 జులై 4న ప్రకటించింది ఇక్కడే. ఆ యంత్రం గురించి మనలో చాలామంది విన్నాం. దాని వెనక పనిచేసే కంప్యూటర్ల గురించి విన్నది తక్కువ.

యంత్రం నడుస్తున్నప్పుడు పెద్ద డిటెక్టర్లలో ఒక్కోదానిలో సెకనుకు దాదాపు 100 కోట్ల తాకిడులు జరుగుతాయి. పనికొచ్చే కొన్నింటిని ఉంచుకుని మిగతావి అక్కడికక్కడే వదిలేస్తారు. మిగిలిన డేటా కూడా ఒక్క చోట విశ్లేషించగలిగేంత తక్కువేమీ కాదు. ఊళ్లో పెళ్లికి ఒక్క ఇంటి పొయ్యి చాలదని పిండివంటలు నాలుగిళ్లలో చేసినట్టు, శాస్త్రవేత్తలు పనిని పంచుకున్నారు. అలా 2008లో ప్రారంభమైనదే వరల్డ్‌వైడ్ ఎల్‌హెచ్‌సీ కంప్యూటింగ్ గ్రిడ్. 40కి పైగా దేశాల్లో, సుమారు 170 కేంద్రాలు ఇందులో ఉన్నాయి.

దీని ఏర్పాటు అంచెలుగా ఉంటుంది. మొదటిదైన టైర్-0 సెర్న్‌లోనే ఉంది. ముడి డేటాను అక్కడ టేపుల మీద భద్రపరుస్తారు. రెండో ప్రతి టైర్-1 కేంద్రాలకు చేరుతుంది. షికాగో దగ్గరి ఫెర్మీ ల్యాబ్, న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్, బ్రిటన్‌లోని రూథర్‌ఫర్డ్ యాపిల్టన్ ల్యాబ్ ఆ కోవలోవి. ఒకచోట ఇబ్బంది వచ్చినా డేటా పోదు. టైర్-2 కేంద్రాలు ఎక్కువగా విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లో ఉంటాయి. మన దేశం నుంచి ముంబయిలోని టీఐఎఫ్ఆర్, కోల్‌కతాలోని వీఈసీసీ ఇందులో ఉన్నాయి.

ముంబయిలో ఉన్న పరిశోధక విద్యార్థి తన ప్రోగ్రామ్‌ను గ్రిడ్‌కి పంపితే, కావలసిన డేటా, ఖాళీ కంప్యూటర్లు ఎక్కడున్నాయో సాఫ్ట్‌వేరే వెతికి అక్కడ నడిపిస్తుంది. ఫలితం విద్యార్థికి తిరిగి వస్తుంది. జెనీవాలో కూర్చున్నవారికి అందే డేటాయే అతనికీ అందుతుంది. ఈ ఏర్పాటు వల్ల జరిగిన అసలు మేలు ఇదే అనిపిస్తుంది నాకు.

మనకూ ఇందులో కొంత చోటుంది. 2014 నుంచి సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో నిజమైన ప్రయోగాల డేటాను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. హైస్కూలు పిల్లలకు పనికొచ్చే అభ్యాసాలూ ఉన్నాయి. 2004లో మొదలైన ఎల్‌హెచ్‌సీ@హోమ్‌లో చేరితే, ఇంట్లో ఖాళీగా ఉన్న కంప్యూటర్‌ను వారి లెక్కలకు ఇవ్వవచ్చు. కాకపోతే కరెంటు ఖర్చు మనదే, కంప్యూటర్ కాస్త వేడెక్కుతుంది కూడా.

సైన్స్ డిగ్రీ చేతిలో ఉండి, పెళ్లయ్యాక పరాయి దేశంలో ఇంటికే పరిమితమైన నాలాంటివారు మనలో చాలామందే ఉన్నారు. ల్యాబ్ తలుపు మూసుకుపోయిందనుకున్నాం. డేటా తలుపు మాత్రం తెరిచే ఉంది. పిల్లలు స్కూలుకెళ్లాక ఒక గంట కూర్చుని చూడండి.