లోపలినుండి తెరచుకొను గడియ

రేడియోపెట్టెపై ధ్వనిని హెచ్చించుటకును తగ్గించుటకును ఒక గుండ్రని మర యుండును. దానిని కుడివైపునకు త్రిప్పినచో కొంతదూరము తిరిగి ఆగిపోవును. ఎడమవైపునకు త్రిప్పినను అంతే. ఆ రెండు హద్దుల నడుమనే దాని యుపయోగమంతయు నున్నది. తలుపునకు బిగించు తిరుగుడు గడియయు నిట్టిదే. పిడిని త్రిప్పగా, దాని ఇరుసుపై నున్న చిన్న ఇనుపముక్క కూడ తిరిగి గడియ నాలుకను లోనికి లాగును. చేయి వదలగానే స్ప్రింగు దానిని మరల వెలికి నెట్టును. తిరుగుడు చాలకున్న నాలుక తన గూటినుండి పూర్తిగా రాదు. హద్దు మీరినచో స్ప్రింగు సాగిపోవును, ముక్క జారిపోవును. ఎంత తిరుగవలెనో అంతయే తిరిగి నిలిచిపోవునట్లు చేయుటలోనే గడియ చేయువాని నేర్పు చాలవరకు ఇమిడియున్నది. మనుష్యుని మణికట్టు శ్రమ లేకుండ త్రిప్పగలిగిన మేరనుబట్టి ఈ హద్దు నేర్పరుతురు.

అయితే అది యెవరి మణికట్టు? తలుపునకు ఏ వైపున నిలిచినవారిది? గడియలు చేయువారు చాలకాలము ఈ ప్రశ్న వేసికొనలేదు. వేసికొనక తప్పని కాలము అమెరికా దేశమున 1950 తరువాతి సంవత్సరములలో వచ్చినది. అడిగించినది ఇంటి తలుపు కాదు, వంటయింటిలోని రిఫ్రిజిరేటరు తలుపు.

రిఫ్రిజిరేటరునకు పూర్వము ఆ దేశపు ఇండ్లలో మంచుపెట్టె యుండెడిది. కొయ్యతో చేసి, లోపల రేకు తొడిగి, మంచుగడ్డను ఒక అరలోను ఆహారపదార్థములను వేరొక అరలోను ఉంచెడివారు. దాని తలుపునకు బరువైన లోహపు గడియ యుండెను. 1927లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ, నెత్తిపై గుండ్రని యంత్రమును మోయు రిఫ్రిజిరేటరును విపణిలోనికి తెచ్చిన తరువాత విద్యుచ్ఛక్తితో నడచు పెట్టెలు సామాన్యగృహములలో వ్యాపించినవి. పెట్టె మారినది గాని గడియ యొక్క భావన మారలేదు. మారకుండుటకు కారణము లేకపోలేదు. చల్లదనము నిలువవలెనన్న తలుపు అంచున నున్న రబ్బరుపట్టీ పెట్టె ముఖమునకు గట్టిగా నొత్తుకొనవలెను. ఒక్క సందున్నను వెచ్చనిగాలి లోనికి జొచ్చి, యంత్రము ఊరక పనిచేయుచుండును. ఆ యొత్తిడిని నిలుపునది గడియయే. ఇల్లాలు రెండు చేతులతో గిన్నెలు పట్టుకొని మోచేతితో త్రోసినను తలుపు తనంతట తాను మూతపడి బిగిసికొనవలెను. వెలుపలి పిడిని కొంచెము లాగినంతనే లోని మీట తన ఇరుసుపై కొద్దిగా తిరిగి, నాలుక విడివడి, తలుపు తెరచుకొనవలెను. ఈ రెండు పనులను ఆ గడియ చక్కగా నెరవేర్చెను. చూచుటకును అందముగా నుండెను.

తలుపు లోపలివైపున మాత్రము ఏమియు లేదు. నున్నని గోడ. లోపలినుండి తలుపు తెరువవలసిన అవసరము పాలకు, కూరగాయలకు ఉండదు గదా!

రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిమ్మట జనులు క్రొత్త పెట్టెలు కొని, పాతవానిని పెరటిలోను, వసారాలోను, ఊరిబయట చెత్తకుప్పలపైనను వదలివేయ నారంభించిరి. పిల్లలకు దాగుడుమూతలాటలో అంతకన్న మంచి చోటు ఎక్కడ దొరకును? లోపల అరలు తీసివేసి యుండును, మనిషి కూర్చుండుటకు చోటుండును. బిడ్డ లోనికి దూరి తలుపు లాగుకొనును. గడియ తన పని తాను చేయును. వెచ్చనిగాలిని రానీయని రబ్బరుపట్టీ ఊపిరికి కావలసిన గాలినిగూడ రానీయదు. చలిని నిలుపుటకై మందముగా కట్టిన గోడలు కేకను వెలుపలికి పోనీయవు. వెదకువారు పెరటిలో ఆ పెట్టె ప్రక్కనుండియే పిలుచుచు సాగిపోవుదురు. ఇట్టి మరణములు ఒక్క చోట గాదు, ఆ దేశమున అనేక రాష్ట్రములలో జరిగినవి. ఒక్కొక్కప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి చిక్కుకొనిరి.

మొదట తోచిన నివారణోపాయము సులభమైనదే. పాతపెట్టెను పారవేయునపుడు తలుపు ఊడదీయవలెనని పట్టణములవారును రాష్ట్రములవారును శాసనములు చేసిరి. వినినవారు వినిరి. కాని పారవేయువాడు ప్రతివాడును జ్ఞాపకముంచుకొని మరచీల త్రిప్పవలెనన్న, అది గడియ తప్పును మనుష్యుల తలపై వేయుటయే. అంతేకాక, వాడుకలోనున్న పెట్టెలో చిక్కుకొనిన బిడ్డకు ఈ శాసనము అక్కరకు రాదు.

అందుచేత 1956 ఆగస్టు 2వ తేదీన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఒక చట్టముపై సంతకము చేసెను. అది మిక్కిలి చిన్న చట్టము. గృహములకై తయారుచేసి రాష్ట్రముల నడుమ అమ్ముటకు పంపు ప్రతి రిఫ్రిజిరేటరునకును, తలుపును లోపలినుండి సులభముగా తెరచుటకు వీలైన సాధన మొకటి యుండవలెను. ఉల్లంఘించినవారికి ఒక సంవత్సరము వరకు చెర, లేదా 1000 డాలర్ల వరకు జుల్మానా, లేదా రెండును. సాధన మెట్టిదో చట్టము చెప్పలేదు. దాని ప్రమాణములను వాణిజ్యశాఖ నిర్ణయింపవలెనని మాత్రము విధించెను. నా దృష్టిలో ఇది తెలివైన పని. గడియ నెట్లు చేయవలెనో శాసనసభలో కూర్చుండి వ్రాసియున్నచో ఆనాటి గడియయే శాశ్వతమై యుండెడిది.

కాని చట్టములోని ఒక్క మాట నిపుణులకు నిద్ర లేకుండ చేసినది. అది "సులభముగా" అను మాట. ఎవరికి సులభము? రెండేండ్ల బిడ్డకా, అయిదేండ్ల బిడ్డకా? చీకటిలో, మోకాళ్ళు ముడుచుకొని, భయముతో నున్న బిడ్డ ఏమి చేయును? త్రోయునా, లాగునా, త్రిప్పునా, లేక ఏడ్చునా? పెద్దలు తమ గదులలో కూర్చుండి ఊహింపదగిన విషయము కాదిది. వాణిజ్యశాఖకు చెందిన జాతీయ ప్రమాణముల సంస్థయు, పిల్లల సంక్షేమమును చూచు ప్రభుత్వశాఖయు కలిసి పిల్లలనే పరీక్షించి చూడ నిశ్చయించినవి. ఆ పరిశోధనను కాథరిన్ బెయిన్ అను వైద్యురాలును, మేరియన్ ఫేగ్రీ, రాబర్ట్ వైలీ అను మరియిద్దరును కలిసి 1958లో ఒక శిశువైద్య పత్రికలో ప్రకటించిరి.

రెండు మొదలు అయిదేండ్ల వరకు వయస్సుగల 201 మంది పిల్లలను, ఇందుకై ప్రత్యేకముగా కట్టిన పెట్టెవంటి గూటిలోనికి ప్రవేశపెట్టి చూచిరి. ఆరు విధముల గడియసాధనములను పరీక్షించిరి. వానిలో రెండు, పిల్లల నడవడిని చూచినపిమ్మట పరిశోధన మధ్యలోనే క్రొత్తగా కల్పించినవి. పిల్లలను చీకటిగూటిలో మూయుట యేమి అని చదువరి కనుబొమలు ముడుచుట సహజమే. నేడైనచో ఇట్టి పరీక్షకు అనుమతి దొరకుట కష్టము. కాని చాలమంది అందులో ఎక్కువసేపు లేరు. ముప్పాతికమంది మూడు నిమిషములలోపుననే తామై వెలువడిరి, లేదా పెద్దలచే వెలుపలికి తేబడిరి. తమంతట తాము వెలువడినవారిలో సగముమంది పది సెకండ్లలోపుననే బయటపడిరి.

తేలిన సంగతులు పెద్దల ఊహలను తలక్రిందులు చేసినవి. నూటికి 24 గురు పిల్లలు దాదాపు ఏ ప్రయత్నమును చేయక ఊరకుండిరి. 39 మంది బుద్ధిపూర్వకముగా దారి వెదకిరి. 37 మంది చేతులు కాళ్ళు విదల్చి పెనుగులాడిరి. ఇంకను వింత యేమనగా, రెండేండ్లవారిలో నూటికి ఆరుగురు మాత్రమే కేక వేయక యుండగా, అయిదేండ్లవారిలో సగముమంది నోరు మెదపలేదు. పెద్దబిడ్డ తప్పక పిలుచును, మనము విందుము అను తల్లుల ధైర్యమునకు ఇంతకన్న పెద్ద దెబ్బ లేదు. తలిదండ్రుల చదువు తక్కువైనకొలది పిల్లలు ఎక్కువగా బయటపడిరని కూడ లెక్కలో తేలినది. దీనికి ఎవరికి తోచిన వ్యాఖ్యానము వారు చెప్పుకొనవచ్చును. ప్రతిపనికిని ఎవరో వచ్చి చేసిపెట్టుదురని వేచియుండు అలవాటు చదువుకొన్నవారి యిండ్లలో అధికమేమో యని నా యనుమానము.

గడియ చేయువానికి కావలసిన మాట మరియొకటి. చేతికి పట్టుదొరకు సాధనము లోపల ఉన్నపుడు పిల్లలు దానిని ఏమి చేసిరి? నూటికి 18 మంది లాగిరి, తొమ్మండుగురు త్రోసిరి, 40 మంది తలుపుపిడివలె త్రిప్పజూచిరి. ఇంటిలో ప్రతిదినము అమ్మయు నాన్నయు చేయుచుండగా చూచిన ఆ తిరుగుడే చీకటిలో వారి చేతికి జ్ఞాపకము వచ్చినది. ఇది అమెరికా బిడ్డల సంగతి. అక్కడి ఇండ్లలో గుండ్రని పిడులు గల తలుపులు మెండు. మన పల్లెటూరి యింటిలో గొళ్ళెమును అడ్డగడియను చూచి పెరిగిన బిడ్డ అదే చోట చిక్కుకొన్నచో, బహుశః త్రిప్పుటకు బదులు లాగియో ప్రక్కకు జరిపియో చూచును. గడియ లోహముతో చేసినదైనను, అది పనిచేయుట అలవాటుపై ఆధారపడియున్నదని నాకు ఇందువలననే తోచినది.

తుదకు ఏర్పడిన ప్రమాణములలో రెండు మార్గములను అనుమతించిరి. ఒకటి, లోపలినుండి తలుపును త్రోసినచో తెరచుకొనుట. అందుకు 15 పౌనుల బలము మించి అవసరము కారాదు. రెండవది, మామూలు తలుపుపిడిని పోలిన గుండ్రని పిడిని త్రిప్పినచో తెరచుకొనుట. పై పరీక్షలో ఆ 40 మంది చేతులు చెప్పినదే ఈ రెండవ మార్గము. పసిచేయి త్రిప్పు పిడి యన్నచో గడియ కొలతలన్నియు మారిపోవును. చిన్న మణికట్టు కొద్దిమేరయే తిరుగును గనుక, ఆ కొద్ది తిరుగుడులోనే నాలుక పూర్తిగా విడివడవలెను. బలము తక్కువ గనుక స్ప్రింగు మెత్తగా నుండవలెను. కాని మరీ మెత్తనైనచో తలుపు తనంతట తెరచుకొనును. చీకటిలో కుడియెడమలు తోచవు గనుక ఎటు త్రిప్పినను పని జరుగుట మేలు. ఇవియన్నియు వెలుపలి పిడిని చేయునపుడు ఎవరికిని పట్టని లెక్కలు.

వీనికి తోడు ప్రమాణములలో మరి రెండు నియమములు చేర్చిరి. పాలో పులుసో ఒలికినను ఆ సాధనము చెడిపోరాదు. పెట్టెను వంటయింటినుండి తీసి కొట్టులో పెట్టినను, పారవేసినను, దాని పని నిలిచిపోరాదు. ఈ రెండవ నియమము వ్రాసినవారు చెత్తకుప్పను కన్నులారా చూచినవారై యుండవలెను. విద్యుచ్ఛక్తి లేనిచోట, ప్రక్కకు ఒరిగి, తుప్పుపట్టుచున్న స్థితిలోనే గదా ఆ గడియకు అసలు పరీక్ష!

1958 అక్టోబరు 30 తరువాత తయారైన పెట్టెలన్నిటికిని ఈ నిబంధన వర్తించినది. ఇక్కడ కథ ఒక విచిత్రమైన మలుపు తిరిగినది. ఇంత శ్రమపడి నిర్ణయించిన తిరుగుడుపిడి వాడుకలో నిలువలేదు. తయారుచేయువారికి మొదటి మార్గమే సులువుగా తోచినది. అయస్కాంతశక్తిగల ఖనిజపుపొడిని మెత్తని రబ్బరువంటి పదార్థములో కలిపి పొడవాటి పట్టీగా లాగి, దానిని తలుపు అంచున నమర్చిరి. ఆ పట్టీయే సందు మూయును, ఆ పట్టీయే తలుపును పట్టియుంచును. త్రోసినచో విడిపోవును. నాలుక లేదు, స్ప్రింగు లేదు, ఇరుసు లేదు. లోపలివైపున పనిచేయు గడియను వెదకబోయి చివరకు గడియనే తీసివేసిరి. నేడు మన ఇండ్లలో రిఫ్రిజిరేటరు తలుపు మూయునపుడు వినబడు మెత్తని చప్పుడు ఆ పట్టీది. భారతదేశమున గోద్రెజ్ సంస్థ రిఫ్రిజిరేటర్లు చేయ నారంభించినది కూడ 1958లోనే. 1897లో తాళములు చేయుటతో పుట్టిన సంస్థ యది.

చట్టము క్రొత్తపెట్టెలను మార్చగలిగినది గాని, అప్పటికే అమ్ముడుపోయిన పాతవానిని మార్చలేకపోయినది. అవి తుప్పుపట్టి తునకలగు వరకును, సంవత్సరముల తరబడి, అక్కడక్కడ పిల్లలు వానిలో చిక్కుచునే యుండిరి.

నలువది యేండ్ల తరువాత అదే ప్రశ్న కారులో తిరిగి తలయెత్తినది. కారు వెనుక సామానుల అర మూతకు ఉండు గడియ పీతగోరువంటిది. మూత పడగానే ఆ గోరు కొంచెము తిరిగి కమ్మీని పట్టుకొనును, వేరొక చిన్న మీట దానిని వెనుకకు తిరుగనీయదు. ఆ మీటను కదల్చు ఉపాయము వెలుపలను, డ్రైవరు వద్దను మాత్రమే యుండెను. 1998 వేసవిలో కొద్ది వారములలోనే అమెరికాలో 11 మంది పిల్లలు ఇట్టి అరలలో చిక్కి మరణించిరి. 2001 సెప్టెంబరు 1 మొదలుకొని ఆ దేశమున తయారగు కార్లలో మూతను లోపలినుండి తెరచు సాధన ముండవలెనని నియమము వచ్చినది. సామాన్యముగా అది చీకటిలో మెరయు చిన్న పిడి.

కారు వెనుక తలుపుల సంగతి ఇంకను చిక్కైనది. అందు పిల్లల కొరకే ఒక చిన్న మీట యుందురు. దానిని జరిపినచో లోపలిపిడిని ఎంత లాగినను అది ఊరక కదలునే గాని గడియను తాకదు. పరుగెత్తుచున్న కారులో బిడ్డ తలుపు తెరువకుండుటకై చేసిన ఏర్పాటు అది, మంచిదే. కాని ఎండలో నిలిపిన కారులో అదే బిడ్డ చిక్కుకొన్నపుడు అదే మీట శత్రువగును. మన తెలుగు జిల్లాలలోను వేసవిలో నిలిపియుంచిన కార్లలో ఆడుకొనబోయి పసివారు ప్రాణములు గోల్పోయిన వార్తలు పత్రికలలో చదివియున్నాము. రిఫ్రిజిరేటరునకు దొరకిన అయస్కాంతమువంటి సులువైన పరిష్కారము దీనికి ఇంకను దొరకలేదు. అంతవరకు నిలిపిన కారునకు తాళము వేసి, తాళపుచెవిని పిల్లల చేతికందకుండ ఉంచుట తప్ప వేరు గతి లేదు.

ఆ 201 మంది పిల్లల మాట చెప్పి విరమింతును. పరీక్ష జరిగిన ఎనిమిది నెలలకు, వారిలో 96 మంది సంగతిని విచారించిరి. పసితనపు చేష్టలకు తిరిగి దిగజారినవారు కొద్దిమందియే. ఇంకను ఆ గూటి ముచ్చట చెప్పుకొనుచున్నవారిలో చాలమంది సంతోషముతో చెప్పిరట. కొందరికి మాత్రము కోపము తీరలేదు. వారిలో ఇప్పుడున్నవారు డెబ్బదియేండ్లకు అటునిటుగా నుందురు.