యూరోవిజన్ పాటల పోటీలో ఉక్రెయిన్

యూరప్ ప్రసార సంస్థల సంఘం ఏటా నిర్వహించే యూరోవిజన్ పాటల పోటీలో ఉక్రెయిన్ 2003లో తొలిసారి పాల్గొంది. 2025 వరకు 20 సార్లు వేదికెక్కి మూడుసార్లు (2004, 2016, 2022) విజేతగా నిలిచింది. 2007, 2008లలో రెండో స్థానం, 2013, 2024లలో మూడో స్థానం దక్కించుకుంది. 2004లో సెమీఫైనల్ పద్ధతి మొదలయ్యాక, పాల్గొన్న ప్రతి ఏడూ ఫైనల్‌లో పాడింది. 2005, 2017 పోటీలకు రాజధాని కీవ్ ఆతిథ్యమిచ్చింది. 1991లో సోవియట్ యూనియన్ నుంచి విడివడిన ఈ దేశానికి తన బాణీనీ భాషనూ చరిత్రనూ కోట్లమందికి వినిపించే వేదికగా యూరోవిజన్ నిలిచింది.

పోటీ తీరు

యూరోవిజన్ 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైంది. ప్రతి దేశం మూడు నిమిషాలకు మించని ఒక కొత్త పాటను పంపుతుంది. గాయకులు వేదిక మీద నేరుగా పాడాలి. నిపుణుల బృందాలు, ప్రేక్షకులు వేసే మార్కులను కలిపి విజేతను తేలుస్తారు. ఎవరూ తమ దేశానికి ఓటు వేసుకోకూడదు. పాటలో రాజకీయ ప్రచారం ఉండకూడదు. మరుసటి ఏడాది పోటీ మామూలుగా గెలిచిన దేశంలోనే జరుగుతుంది. ఉక్రెయిన్ తరఫున మొదట ప్రభుత్వ టెలివిజన్ ఈ బాధ్యత చూసింది. 2017 నుంచి ప్రజా ప్రసార సంస్థ సుస్పిల్నె చూస్తోంది. 2016 నుంచి చాలావరకు 'విద్‌బిర్' అనే జాతీయ పోటీ ద్వారా పాటను ఎంపిక చేస్తున్నారు.

తొలి అడుగు, తొలి గెలుపు

2003లో లాత్వియా రాజధాని రీగాలో ఒలెక్సాండర్ పొనొమరియోవ్ పాడిన పాటకు 30 పాయింట్లతో 14వ స్థానం వచ్చింది. మరుసటి ఏడాది ఇస్తాంబుల్‌లో రుస్లానా 'వైల్డ్ డ్యాన్సెస్'తో 280 పాయింట్లు సాధించి గెలిచింది. కార్పాతియన్ కొండల్లో బతికే హుత్సుల్ జనం లయలను, నృత్యాలను ఆమె ఆధునిక పాప్ సంగీతంలోకి తెచ్చింది. ప్రదర్శనలో వినిపించిన ట్రెంబీటా ఆ కొండవాళ్ల వాయిద్యం. మూడు మీటర్ల దాకా పొడవుండే ఈ చెక్క బూరకు బర్చ్ చెట్టు బెరడు చుడతారు. కొండ మీది కాపరులు కింది ఊళ్లకు కబురు చేరవేయడానికి, పెళ్లిళ్లకు, చావులకు దాన్ని ఊదేవారు. పాల్గొన్న రెండో ఏడాదే గెలవడం ఆ దేశంలో పెద్ద సంబరమైంది.

2004 చివర్లో దేశంలో ఆరెంజ్ విప్లవం అనే ప్రజా ఉద్యమం చెలరేగింది. ఆ ఉద్యమ గీతాన్ని పాడిన గ్రీన్‌జోలీ బృందమే 2005లో కీవ్‌లో ఉక్రెయిన్ తరఫున వేదికెక్కింది. రాజకీయ ప్రస్తావనలున్నాయని నిర్వాహకులు అభ్యంతరం చెప్పడంతో సాహిత్యం మార్చి పాడారు. 19వ స్థానం వచ్చింది. పోటీ చూడటానికి వచ్చేవారి కోసం ఐరోపా సమాఖ్య పౌరులకు వీసా అక్కర్లేదని ఉక్రెయిన్ ఆ వేసవికి ప్రకటించింది. తర్వాత ఆ సడలింపును శాశ్వతం చేసింది.

2007లో హెల్సింకీలో వెండి రంగు దుస్తులు, తల మీద పెద్ద నక్షత్రంతో వచ్చిన వెర్కా సెర్దుచ్కా 235 పాయింట్లతో రెండో స్థానం సంపాదించింది. అది నటుడు ఆంద్రీ దనిల్కో పోషించే స్త్రీ పాత్ర. 2008లో ఆనీ లోరాక్ కూడా రెండో స్థానంలో నిలిచింది. 2013లో జ్లాతా ఒగ్నెవిచ్ మూడో స్థానం తెచ్చింది.

'1944'

2014లో రష్యా ఉక్రెయిన్‌కు చెందిన క్రిమియాను కలుపుకుంది. తూర్పున యుద్ధం మొదలైంది. 2015 పోటీకి ఉక్రెయిన్ దూరంగా ఉంది. 2016లో స్టాక్‌హోమ్‌కు జమాలాను పంపింది. ఆమె క్రిమియన్ తాతార్ జాతి గాయని. 1944 మే నెలలో స్టాలిన్ ప్రభుత్వం సుమారు 2 లక్షల మంది క్రిమియన్ తాతార్లను రైళ్లలో కుక్కి మధ్య ఆసియాకు తరలించింది. జమాలా ముత్తవ్వ అప్పుడు పిల్లలతో సహా ఆ రైలెక్కింది. దారిలో ఒక బిడ్డను పోగొట్టుకుంది. ఆ కథే '1944' పాటకు ఆధారం. పల్లవి క్రిమియన్ తాతార్ భాషలో ఉంటుంది. ఇది రాజకీయమని రష్యా అభ్యంతరం చెప్పినా, పాటలో రాజకీయ ప్రసంగమేమీ లేదని నిర్వాహకులు తేల్చారు. నిపుణుల మార్కుల్లో ఆస్ట్రేలియా, ప్రేక్షకుల ఓట్లలో రష్యా ముందున్నాయి. రెండింటిలోనూ రెండో స్థానంలో ఉన్న జమాలా, మొత్తం 534 పాయింట్లతో గెలిచింది.

2017 పోటీ మళ్లీ కీవ్‌కు వచ్చింది. ఉక్రెయిన్ చట్టానికి విరుద్ధంగా క్రిమియాలో కచేరీ చేసిందన్న కారణంతో రష్యా గాయని యూలియా సమోయిలోవాకు ప్రవేశం నిరాకరించారు. ప్రారంభ వేడుక మరియిన్‌స్కీ ప్యాలెస్ దగ్గర జరిగింది. 2021లో 'ఆర్ఆర్ఆర్' సినిమాలోని 'నాటు నాటు' పాటను చిత్రీకరించింది ఆ భవనం ముందే.

2019 జాతీయ ఎంపికలో గెలిచిన మరూవ్, రష్యాలో కచేరీలు చేయకూడదన్న షరతుతో సహా ఒప్పందంలోని కొన్ని నిబంధనలకు ఒప్పుకోలేదు. ఆమె తర్వాతి స్థానాల్లోని బృందాలు కూడా ముందుకు రాకపోవడంతో ఉక్రెయిన్ ఆ ఏడు తప్పుకుంది.

సొంత భాషలో

2020కి ఎంపికైన గో-ఎ బృందం పాట పూర్తిగా ఉక్రెయినియన్‌లో ఉంది. కోవిడ్ వల్ల పోటీ రద్దయింది. మరుసటి ఏడాది రోటర్‌డామ్‌లో అదే బృందం, వసంతాన్ని పిలిచే జానపద గీతం ఆధారంగా అల్లిన 'షుమ్'తో 364 పాయింట్లు, అయిదో స్థానం సాధించింది. అందులో సొపిల్కా వేణువు వాయించిన ఇహోర్ దిదెంచుక్ 2022లో కలుష్ ఆర్కెస్ట్రాతోనూ వేదికెక్కాడు.

కలుష్ ఆర్కెస్ట్రా పాట 'స్టెఫానియా'ను ఆ బృంద సభ్యుడు ఒలెహ్ ప్స్యుక్ తన తల్లి గురించి రాశాడు. పాట యుద్ధానికి ముందే తయారైంది. 2022 ఫిబ్రవరిలో రష్యా పూర్తిస్థాయి దాడికి దిగాక అది మాతృభూమి పాటగా జనం నోట నిలిచింది. రష్యాను ఆ ఏడాది పోటీ నుంచి మినహాయించారు. సైనిక వయసు మగవాళ్లు దేశం దాటకూడదన్న నిబంధన ఉండటంతో బృందం ప్రత్యేక అనుమతితో ఇటలీలోని టురిన్ వెళ్లింది. వ్యాఖ్యాత తిమూర్ మిరోష్నిచెంకో బంకర్‌లో కూర్చుని ప్రసారం నడిపాడు. 'స్టెఫానియా' 631 పాయింట్లతో గెలిచింది. అందులో 439 ప్రేక్షకులు వేసినవే. అది కొత్త రికార్డు. ర్యాప్ పాట ఈ పోటీ గెలవడం అదే మొదటిసారి. బృందం తన ట్రోఫీని 9 లక్షల డాలర్లకు వేలం వేసి, ఆ డబ్బును సైన్యానికి డ్రోన్లు కొనడానికి ఇచ్చింది.

యుద్ధకాలంలో

యుద్ధం వల్ల 2023 పోటీని ఉక్రెయిన్ తరఫున బ్రిటన్ లివర్‌పూల్‌లో నిర్వహించింది. ఆ ఏడాది పాట ఎంపిక వైమానిక దాడుల భయంతో కీవ్‌లోని మైదాన్ నెజలెజ్నొస్తి మెట్రో స్టేషన్‌లో, భూమి అడుగున జరిగింది. అందులో గెలిచిన త్వోర్చి బృందం లివర్‌పూల్ ఫైనల్‌లో పాడిన రాత్రే వాళ్ల సొంత ఊరు తెర్నోపిల్ మీద క్షిపణులు పడ్డాయి. వాళ్లకు ఆరో స్థానం వచ్చింది. 2024లో మాల్మోలో అల్యోనా అల్యోనా, జెర్రీ హీల్ కలిసి 453 పాయింట్లతో మూడో స్థానం, 2025లో బాసెల్‌లో జిఫర్‌బ్లాట్ తొమ్మిదో స్థానం సాధించారు.

అంచనా

గెలిచిన మూడు పాటల్లో ఒకటి కొండజాతి బాణీ, ఒకటి ఒక జాతి పడ్డ వలస బాధ, ఒకటి తల్లి మీద ప్రేమ. మూడూ ఆ నేల నుంచి పుట్టినవే. 21వ శతాబ్దంలో యూరోవిజన్‌ను మూడుసార్లు గెలిచిన తొలి దేశం ఉక్రెయిన్. యుద్ధం జరుగుతున్నా 2022 నుంచి 2025 దాకా ఒక్క ఏడూ పోటీ మానలేదు. నాలుగుసార్లూ తొలి పది స్థానాల్లోనే ఉంది.