రెండు యంత్రాలు, ఒక రోగి

గత ఉగాది సమావేశంలో భోజనాల దగ్గర ఒక మిత్రులు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "మీ ఆస్పత్రుల్లో ఎటు చూసినా కంప్యూటర్లే కదా, అయినా మీ పేరేమిటి, మీ పుట్టిన తేదీ ఏమిటి అని పొద్దుటినుంచి అరడజను మంది అడుగుతారెందుకు?" అని. అప్పటికి నవ్వి ఊరుకున్నాం గాని, ఆ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే అరవై ఏళ్ళు వెనక్కు వెళ్ళాలి. మన సభ్యుల్లో కంప్యూటరు వృత్తివారు ఎందరో ఉన్నారు. వారి ముందు ఈ విషయం ఎత్తడం సాహసమే. అయినా రోగి మంచం పక్కనుంచి చూస్తే ఈ కథ కొంచెం వేరుగా కనిపిస్తుంది గనుక నాలుగు మాటలు రాస్తున్నాం.

1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎం. కంపెనీ సిస్టమ్ 360 అనే పెద్ద యంత్రాల కుటుంబాన్ని ప్రకటించింది. మరుసటి ఏడు అమెరికాలో మెడికేర్ చట్టం వచ్చింది. ఆస్పత్రులకు బిల్లులు రాసే పని ఒక్కసారిగా పెరిగింది. ఆ విధంగా పెద్ద ఆస్పత్రుల్లో మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరు జమాఖర్చుల శాఖ సొత్తుగా ప్రవేశించింది. రోగి పేరు, నంబరు, వార్డు, కట్టవలసిన సొమ్ము, ఇవే దానికి తెలిసిన సంగతులు. రోగి రక్తంలో ఏముందో దానికి అక్కర లేదు.

అదే 1965లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ పి.డి.పి.-8 అనే చిన్న యంత్రాన్ని 18,000 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఆ రోజుల్లో కంప్యూటరుకు అది చాలా చవక. ఇక ఎవరి అనుమతికీ కాచుకోకుండా ఒక ప్రయోగశాల తన కంప్యూటరు తాను కొనుక్కోవచ్చు. అటు బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో, డాక్టర్ ఆక్టో బార్నెట్ ప్రయోగశాలలో, నీల్ పాపలార్డో ప్రభృతులు 1966-67లో మంప్స్ అనే భాషను తయారుచేశారు. అది రోగుల వివరాలు దాచి వెతకడానికే పుట్టిన భాష. అదీ ఒక చిన్న యంత్రం మీద పుట్టిందే.

చిక్కు ఇక్కడ మొదలైంది. రోగి ఒక్కడే, యంత్రాలు రెండు. రోగి ఏ వార్డులో ఉన్నాడో మెయిన్‌ఫ్రేమ్‌కు తెలుసు, మినీ కంప్యూటరుకు తెలియదు. పరీక్ష జరిగిందని మినీకి తెలుసు, బిల్లు రాయవలసిన మెయిన్‌ఫ్రేమ్‌కు తెలియదు. తొలినాళ్ళలో ఒక యంత్రం అచ్చువేసిన కాగితం చూసి ఒక గుమాస్తా రెండో యంత్రం కోసం మళ్ళీ కార్డులు గుద్దేవాడు. కొట్టిన ప్రతిసారీ ఒక అంకె తారుమారయ్యే అవకాశం ఉండేది.

రెంటినీ తీగతో కలపడానికి దొరికిన ఉపాయం ముచ్చటైనది. ఐ.బి.ఎం.కు 2780 అనే పరికరం ఉండేది. దూరాన ఉన్న కార్డులను చదివి, టెలిఫోను తీగ మీద మెయిన్‌ఫ్రేమ్‌కు పంపడం దాని పని. మినీ కంప్యూటరు చేత ఆ పరికరం వేషం వేయించారు. ఎవరో ఎక్కడో కార్డులు పెడుతున్నారని మెయిన్‌ఫ్రేమ్ నమ్మేది. కార్డు గుద్దడం లేదు, కార్డే లేదు. అయినా ప్రతి సమాచారమూ 80 గడుల ముక్కలుగా వెళ్ళవలసిందే. కార్డుకు ఆ 80 గడుల కొలత 1928 నాటిది! ఏ గడిలో పేరు, ఏ గడిలో ఫలితం అన్నది ఇద్దరు ప్రోగ్రామర్ల మధ్య ఒప్పందం. వారిలో ఒకరు ఉద్యోగం మారితే అంతే సంగతులు.

తీగ కలిసినా అక్షరం కలవలేదు. ఇంగ్లీషు పెద్దబడి 'ఎ' అక్షరానికి ఐ.బి.ఎం. వారి ఎబ్సిడిక్ లిపిలో సంఖ్య 193, మినీల్లో వాడుకైన ఆస్కీ లిపిలో 65. మొదటిదాంట్లో అక్షరాల తరువాత అంకెలు, రెండోదాంట్లో అంకెల తరువాత అక్షరాలు. కాబట్టి ఒకే జాబితాను రెండు యంత్రాలు రెండు వరుసల్లో పేర్చేవి. దుబాసీ ప్రోగ్రాములు రాశారు. 1974లో ఐ.బి.ఎం. తన ఎస్.ఎన్.ఎ. పద్ధతిని, 1975లో డిజిటల్ తన డెక్‌నెట్‌ను ప్రకటించాయి. ఎవరి ఇంటి కట్టుబాట్లు వారివి. ఈలోగా మందుల శాఖ, ఎక్స్‌రే శాఖ కూడా తమ తమ యంత్రాలు తెచ్చుకున్నాయి. పది యంత్రాలను జతజతగా కలపాలంటే 45 ఒప్పందాలు కావాలి.

పది మందీ ఒకే భాష మాట్లాడితే ఒక్క ఒప్పందం చాలునన్న ఆలోచన అప్పుడు బలపడింది. 1980 తొలి ఏళ్ళలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో డాక్టర్ డొనాల్డ్ సింబోర్గ్ బృందం ఒకదానితో ఒకటి పొసగని కంప్యూటర్లను ఒకే వలలో కలిపి చూపింది. 1987 మార్చిలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో కొద్దిమంది కూర్చుని హెచ్.ఎల్. సెవెన్ అనే ప్రమాణానికి నాంది పలికారు. యంత్రాల సంభాషణను ఏడు అంతస్తులుగా విభజించిన అంతర్జాతీయ నమూనాలో ఏడోది, అంటే అర్థానికి సంబంధించిన పై అంతస్తు, వారి లక్ష్యం. తీగ, విద్యుత్తు అన్నీ కింది అంతస్తులు. ఆ తరువాత 1994లో పరీక్షల పేర్లకు కూడా ఉమ్మడి సంకేతాలు కల్పించే లాయింక్ పని ఇండియానాపోలిస్‌లో మొదలైంది. రక్తంలో చక్కెర అమెరికాలో 90 అయితే అదే చక్కెర ఇంగ్లండులో 5. కొలమానం తెలియకుండా వట్టి అంకె చేరితే ప్రమాదం కాదా?

అన్నీ కుదిరాయి గాని, ఒక్కటి మిగిలింది. అది మన పేరు. ఆ ప్రమాణంలో రోగి పేరుకు ఇంటిపేరు ఒక గడి, సొంత పేరు మరొక గడి. ఏది ఎందులో పెట్టాలో గుమాస్తా నిర్ణయించాలి.

కొన్నేళ్ళ క్రితం మా అత్తగారు ఇక్కడికి వచ్చారు. ఆమె పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. అందువల్ల వీసాలో సొంత పేరు ఇంటిపేరయింది, సొంత పేరు స్థానంలో ఎఫ్.ఎన్.యు. అని పడింది. మొదటిసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు అలాగే రాసుకున్నారు. పెన్సిలిన్ పడదని కూడా నమోదు చేశారు. రెండు నెలల తరువాత మళ్ళీ జ్వరం. ఈసారి ఆమెనే పేరడిగితే, మన పద్ధతి ప్రకారం ఇంటిపేరు ముందు చెప్పారు. కంప్యూటరుకు ఆమె కొత్త మనిషి. కొత్త నంబరు, కొత్త కాగితాలు. పడని మందులు: లేవు. పెన్సిలిన్ జాతి మందే రాశారు. ఆ సమయానికి మేము పక్కన ఉండబట్టి సరిపోయింది. ఆ రోజు యంత్రాలన్నీ ఒకదానితో ఒకటి చక్కగా మాట్లాడుకుంటూనే ఉన్నాయి.

కనుక మిత్రుల ప్రశ్నకు మా జవాబు ఇది. కనీసం రెండు గుర్తులతో రోగిని పోల్చుకోవాలని 2003 నుంచి అమెరికా ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే సంస్థ నియమం పెట్టింది. పేరు, పుట్టిన తేదీ అడిగే నర్సు చేస్తున్నది అదే. మంచం మీదున్న మనిషీ, యంత్రంలో ఉన్న మనిషీ ఒక్కరేనా అని ఆమె చూస్తున్నది. విసుక్కోకుండా ప్రతిసారీ చెప్పండి. ఊరినుంచి వచ్చిన పెద్దవారి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఎక్కడికి వెళ్ళినా ఒకే వరుసలో రాయించండి. వాడే మందులు, పడని మందులు ఒక కాగితం మీద రాసి వారి చేతిసంచిలో ఉంచండి. ఆ కాగితానికి ఏ యంత్రంతోనూ పని లేదు.