రెండు గాట్ల ఆపరేషన్: ఎవల కడుపు మీద?



2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానల ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకు పిల్లలు కాకుండ ఆపరేషన్లు చేసిన్రు. వారం తిరగకముందే నలుగురు చనిపోయిన్రు. ఆ పద్ధతి డబుల్ పంక్చర్ లాప్రోస్కోపీ, డీపీఎల్. తప్పు ఆ పద్ధతిలనే ఉన్నదా?

కడుపుల గ్యాస్ నింపి, రెండు చిన్న గాట్ల నుంచి దుర్బిణి, పనిముట్టు పంపి, గర్భనాళాలకు సిలికాన్ రింగులు తొడుగుతరు. కోత చిన్నది, నొప్పి తక్కువ, తొందరగా ఇంటికి పోవచ్చు. కూలికి పోకపోతే పొయ్యి ఎలగని ఇంట్ల ఇది చిన్న లాభం కాదు. కానీ మొదటి సూది గుచ్చేటప్పుడు పేగుకో రక్తనాళానికో దెబ్బ తగిలితే వెంటనే కనవడదు. దీని పక్కన మినీలాప్ ఉన్నది. కోత కొంచెం పెద్దది, కానీ ఖరీదైన యంత్రం అక్కర్లేదు. శిక్షణ ఉన్న ఎంబీబీఎస్ డాక్టరు చెయ్యొచ్చు, కాన్పయిన ఏడు రోజులలోపు కూడా.

అసలు సంగతి పరికరం కాడ ఉన్నది. ఒకరికి వాడిన లాప్రోస్కోపును ఇంకొకరికి వాడేముందు క్రిమిసంహారక ద్రావణంల 20 నిమిషాలు నానబెట్టాలె. అందుకే ఒక పరికరంతో 10, మూడు పరికరాలున్న టీంకు రోజుకు 30 మించొద్దని కేంద్రం నియమం. 34ను ఈ లెక్క పక్కన పెట్టి చూడున్రి. 2014 నవంబరుల ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ శిబిరంల ఒకే సర్జన్ కొన్ని గంటల్ల 83 మందికి చేసిండు, 13 మంది చనిపోయిన్రు. మూడేళ్లల్ల ఈ శిబిరాలు బంద్ చెయ్యాలని 2016ల దేవికా బిశ్వాస్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. ఇబ్రహీంపట్నం దాని తర్వాత ఆరేండ్లకు.

డబ్బున్నోళ్లు పోయే కార్పొరేట్ ఆసుపత్రిల కూడా ఇదే దుర్బిణి, ఇవే గాట్లు. అక్కడ వరుస ఉండదు, టార్గెట్ ఉండదు. వరుసల పండేది మన వాడల ఆడోళ్లు, కూలి తల్లులు.

ఈ వరుసకు చరిత్ర ఉన్నది. ఎమర్జెన్సీల, 1976-77ల, దేశంల 82 లక్షల ఆపరేషన్లయితే 62 లక్షల దాకా మగవాళ్లవే. మగవాళ్లు కోపం చేసిన్రు, సర్కారు కూలింది. ఆ తర్వాత ఏ పార్టీ వాళ్ల జోలికి పోలే. 1996ల కేంద్రం టార్గెట్లు ఎత్తేసినా, 1997 జనాభా విధానంతోని మన ఉమ్మడి రాష్ట్రం సొంత లక్ష్యాలు పెట్టుకున్నది. ఇప్పుడు తెలంగాణల పెళ్లయిన ఆడవాళ్లల్ల నూటికి 60 మందికి పైగా ఈ ఆపరేషన్ అయినోళ్లే. దేశంల మగవాళ్ల ఆపరేషన్ 0.3 శాతం. కడుపు తెరిచే పనే లేని వేసెక్టమీ ఈ రెండింటి కంటే సులువు, ప్రమాదం తక్కువ. 'కుటుంబ నియంత్రణ' అనే సమాసాన్ని విగ్రహం చేస్తే కుటుంబంల ఒక్క మనిషే మిగులుతది. తెలుగు పాఠం చెప్పేటోళ్లకు ఇదొక జబ్బు, మన్నించున్రి.

డీపీఎల్‌ను నిషేధించాలని నేననను. పొద్దుగాల పోయిన తల్లికి మినీలాపా, దుర్బిణా అని ఎవరన్న చెప్పి అడిగిన్రా, రోజుకెందరు, పరికరాలెన్ని, మూడో రోజు జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలె: ఇవి దవాఖాన గోడ మీద రాయాలని అడుగుత. ఇబ్రహీంపట్నం కుటుంబాలకు సర్కారు 5 లక్షల చొప్పున, డబుల్ బెడ్రూం ఇల్లు ప్రకటించింది.

(ఇంకా ఉన్నది. వచ్చే వారం: 1976, మగవాళ్ల ఆపరేషన్లు.)